వెలిసిపోయిన పాత కారు రంగు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పదిహేను ఇరవై ఏళ్లు ఆరుబయట నిలిచిన కారులో బానెట్, టాప్, డిక్కీ మూత ముందుగా వెలిసిపోతాయి. ఎండ నిలువునా పడేది వాటి మీదే కనుక తలుపులు ఇంకా నిగనిగలాడుతున్నా పైభాగం పాలిపోతుంది. అలాంటి కారును చూడగానే రబ్బింగుకు దిగడం మంచిది కాదు. ఫ్యాక్టరీలో వేసిన పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) ఉంటాయి. రంగు పైన క్లియర్ కోట్ అనే పారదర్శక పొర ఉన్న కార్లలో దాని వాటా ఇంచుమించు 40 మైక్రాన్లు. ఒకసారి అరగదీసిన పొర తిరిగి రాదు కాబట్టి ఏ పొర చెడిందో తేల్చుకున్నాకే కాంపౌండ్ (రంగును అరగదీసే గరుకు పేస్టు) ముట్టుకోవాలి.

అందుకు తేలికైన పరీక్ష ఉంది. గుడ్డ మీద కొద్దిగా పాలిష్ వేసి, తలుపు కింది భాగంలో బెత్తెడు మేర రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే పైన క్లియర్ కోట్ లేదని, అంటకపోతే ఉందని అర్థం. తెల్ల కారుకు ముదురురంగు గుడ్డ వాడాలి, లేకపోతే అంటిన రంగు కనిపించదు. పాత మారుతి 800 వంటి కార్లలో సాదా ఎరుపు, తెలుపు రంగులు తరచుగా క్లియర్ కోట్ లేనివి. మెటాలిక్ రంగులు దాదాపుగా క్లియర్ కోట్ ఉన్నవే.

సమస్య: వేలితో రాస్తే సుద్దలా రంగుపొడి అంటుతోంది.
అతినీలలోహిత కిరణాలకు రంగు రేణువులను పట్టి ఉంచే రెసిన్ విరిగిపోయి, రేణువులు వదులై పైకి తేలడమే ఇందుకు కారణం. ఎరుపు కారు గులాబీ రంగుకు తిరిగేది ఇందువల్లే. చూడటానికి భయపెట్టినా బాగుపడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఈ రకమే, ఎందుకంటే చెడిన పొర కింద తరచుగా మంచి రంగే ఉంటుంది.

కారును నీడలో షాంపూతో కడిగి, చేతికి ఇంకా గరుకు తగిలితే తడి చేసుకుంటూ క్లే బార్‌తో (మురికిని లాగేసే మెత్తని బంకముద్ద) అతుక్కున్న మురికిని తీసేయండి. నూనె పదార్థం ఎక్కువగా ఉన్న గ్లేజ్‌ను (మెరుపునిచ్చే పూత) దట్టంగా పూసి రాత్రంతా వదిలేస్తే ఎండిపోయిన రంగు కొంత నూనెను పీల్చుకుంటుంది. మర్నాడు దాన్ని తుడిచేసి, రబ్బరు అంచులకు మాస్కింగ్ టేపు అంటించి, రెండడుగుల మేర మాత్రమే సన్నని పాలిష్‌తో ప్రయత్నించి చూడండి. ఫలితం చాలకపోతేనే కాంపౌండ్ వాడాలి. పొడి రంగుతో పాలిష్ మెషిన్ ప్యాడ్ త్వరగా నిండిపోతుంది కనుక ప్రతి కొద్ది భాగానికీ దాన్ని బ్రష్‌తో శుభ్రం చేయాలి. మడతల మీద, అంచుల మీద రంగు పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడ మెషిన్ ఆనించకుండా చేత్తోనే రుద్దడం క్షేమం. చివర వ్యాక్స్ తప్పనిసరి.

సమస్య: తెల్లటి గుండ్రని మచ్చలు కడిగినా పోవడం లేదు.
బోరు నీళ్లతో కడిగి ఎండలోనే ఆరనిస్తే నీటిలోని లవణాలు ఇలా గడ్డకడతాయి. తెల్ల వెనిగర్‌లో అంతే మోతాదు డిస్టిల్డ్ వాటర్ కలిపి, చల్లగా ఉన్న రేకు మీద తడిగుడ్డతో రెండు నిమిషాలు ఉంచి బాగా కడిగేయండి. అప్పటికీ గుంట కనిపిస్తే మచ్చ రంగులోకి దిగిందన్నమాట. దానికి తేలికపాటి పాలిష్ కావాలి.

సమస్య: మెరుపు వచ్చి కొద్ది రోజులకే పోతోంది.
డీజిలు, కిరోసిన్‌తో తుడిచినా, సిలికోన్ పాలిష్ మాత్రమే పూసినా చెడిన పొర అలాగే ఉండి తాత్కాలికంగా కప్పబడుతుంది. డీజిలు జిడ్డుకు దుమ్ము అంటుకుని, తర్వాతి తుడుపులో గీతలు పడతాయి. ఈ అలవాటు మానేసి, పైన చెప్పిన పద్ధతిలో పొరను తీశాక రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ వేయాలి. దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పడమూ గీతలకు కారణమే.

సమస్య: బఫింగ్ (మెషిన్‌తో పాలిష్ పట్టడం) తర్వాత ఎండలో సాలెగూడు వంటి గీతలు కనిపిస్తున్నాయి.
ఉన్ని ప్యాడ్‌తో రోటరీ మెషిన్ (ప్యాడ్ ఒకేచోట గుండ్రంగా తిరిగేది) నడిపి, ముగింపు పాలిష్ వదిలేస్తే ఇలా అవుతుంది. మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్నని పాలిష్‌తో డ్యుయల్ యాక్షన్ మెషిన్ (ప్యాడ్ తిరుగుతూనే పక్కలకూ ఊగేది) వాడితే చాలావరకు పోతాయి.

సమస్య: తెల్లని పొలుసులు లేస్తూ, వాటి అంచు గోటికి తగులుతోంది.
ఇది క్లియర్ కోటే ఊడిపోవడం. ఏ పాలిష్ దీన్ని అతికించలేదు, రుద్దితే ఊడిన మేర ఇంకా పెరుగుతుంది. వదులైన పొరను ఎమరీ కాగితంతో తీయించి, అవసరమైన చోట ప్రైమర్, ఆపైన రంగు, క్లియర్ కోట్ వేయించాలి. మచ్చవరకే క్లియర్ కొడితే కొంతకాలానికి అతుకు గీత తేలుతుంది కనుక చెడిన బానెట్‌కు గానీ టాప్‌కు గానీ ఆ భాగం మొత్తం వేయమని పెయింటర్‌కు ముందే చెప్పండి. బాగున్న తలుపుల ఫ్యాక్టరీ రంగును మాత్రం ముట్టుకోనివ్వకండి. షెడ్డులో వేసే రంగుకు అంత మన్నిక అరుదుగా వస్తుంది.