కుబుసం టైంలో పాముకి మేత పెట్టే ముందు

నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ లాంటివి ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక్కడ చెప్పేది కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించిన బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) సంగతి.

☐ కళ్లు చూశారా? కుబుసం దగ్గరపడితే కంటి మీద నీలిగా మబ్బు కమ్ముతుంది, పొట్ట గులాబీ రంగు తేలుతుంది. అప్పుడు మేత వద్దు. దానికి సరిగా కనపడదు, చిరాగ్గా ఉంటుంది. మా శ్రీకాకుళం ఇంట్లో మొదటిసారి "పాపం, ఆకలేమో" అని ఎలుకను పట్టకారుతో ముఖం ముందు ఊపాను. ఎలుకను వదిలేసి పట్టకారునే టక్కున కొట్టింది.

☐ కళ్లు తేటపడ్డా ఆగండి. కుబుసం ఊడేది ఇంకొన్ని రోజులకు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము రెండు వారాలు తినకపోయినా ఏం కాదు, టెన్షన్ అంతా మనకే.

☐ తేమ 60–70 శాతం ఉందా? సముద్రపు గాలిని నమ్ముకోకండి, ఏసీ వేస్తే పడిపోతుంది.

☐ ఊడిన కుబుసాన్ని వెలుతురుకి పట్టి చూడండి. రెండు కంటి పొరలూ, తోక కొసా వచ్చాయా? కంటి మీద మిగిలితే గోటితో లాగొద్దు, పాముల గురించి తెలిసిన వెటర్నరీ డాక్టరుకు చూపించండి.

☐ ఎలుక పాము ఒంటి లావును మించకూడదు. బతికున్నది అసలే వద్దు, తిరగబడి కరుస్తుంది. ఫ్రీజర్‌లోదైతే గోరువెచ్చని నీళ్లలో లోపలిదాకా కరగనివ్వండి.

☐ నాగుల చవితికి వచ్చిన చుట్టాలు పాలు పోయమంటారు. నవ్వేసి నీళ్లగిన్నె మార్చండి.

☐ తిన్నాక 48 గంటలు చేత్తో పట్టుకోవద్దు, కక్కేస్తుంది.