ఓడిపోయిన ఫైనల్‌ని మళ్ళీ చూడటం ఎలా?

మన ఫుట్‌బాల్ జట్టు బెంగళూరు ఎఫ్‌సీ ఫైనల్ ఓడిపోయిన రాత్రి ఆట గురించి ఎవరితోనూ మాట్లాడకండి. వాట్సాప్ గ్రూపులు మ్యూట్ చేసి, ఇంత తిని పడుకోండి. ఆ రాత్రి అందరికీ ఒక దోషి కావాలి, ఎవరు దొరికితే వాళ్ళ మీద పడతారు. రెండు గంటలు మన జట్టు కోసం పరుగెత్తినవాణ్ణి అర్ధరాత్రి తిట్టి ఏం బావుకుంటాం?

మర్నాడో, ఆ వారాంతంలోనో మ్యాచ్ మొత్తం మళ్ళీ చూడండి. హైలైట్స్ సరిపోవు. వాటిలో గోల్ కనిపిస్తుంది కానీ, దానికి దారి ఎక్కడ పడిందో కనిపించదు. సౌండ్ తీసేయండి, లేకపోతే కామెంటేటర్ అభిప్రాయమే మన అభిప్రాయం అయిపోతుంది. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎడమవైపు నిమిషం, కుడివైపు కంటికి కనిపించింది రాయండి. "బద్ధకంగా ఆడాడు" అని రాస్తే అది తీర్పు. "లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) పైకి వెళ్ళాడు, వెనక ఖాళీగా ఉంది" అని రాస్తే అది సమాచారం. మనకు కావాల్సింది రెండోదే.

గోల్ పడగానే ఆపి, ఒక అర నిమిషం వెనక్కి జరపండి. 2018 మార్చి 17న మన కంఠీరవ స్టేడియంలోనే జరిగిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌ని ఇలా చూస్తే చాలా తెలుస్తుంది. 9వ నిమిషంలోనే మన సునీల్ ఛెత్రి గోల్ కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. ఆ తర్వాత చెన్నైయిన్ డిఫెండర్ మైల్సన్ ఆల్వెస్ హాఫ్ టైమ్ లోపే తలతో రెండు గోల్స్ (హెడర్లు) కొట్టాడు, రెండూ కార్నర్ల నుంచే, అంటే గ్రౌండ్ మూల నుంచి తన్నిన బంతుల నుంచే. చివరికి 3-2తో కప్పు చెన్నై వెళ్ళిపోయింది. ఆ రెండు చోట్లా కార్నర్ కొట్టేవాడు బంతిని కింద పెట్టగానే వీడియో ఆపండి. పెనాల్టీ బాక్స్‌లో మనవాళ్ళెవరు, ఎవర్ని పట్టుకున్నారు, ఆల్వెస్ ఎక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాడు? గోల్‌కీపర్‌ని అనే ముందు ఈ మూడూ చూడాలి.

సరిగ్గా ఏడాదికి, 2019 మార్చి 17న ముంబైలో, ఎఫ్‌సీ గోవా మీద మన రాహుల్ భేకే ఎక్స్‌ట్రా టైమ్ (90 నిమిషాల్లో తేలకపోతే ఆడించే అదనపు సమయం) చివర్లో కొట్టిన గోల్ కూడా కార్నర్ నుంచి వచ్చిన హెడరే. ఆ ఒక్క గోల్‌తోనే మనం ఛాంపియన్లమయ్యాం. ఈ రెండు వీడియోలూ పక్కపక్కన చూడండి. నేను ఎవరికైనా ఫుట్‌బాల్ చూడటం నేర్పాలంటే ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

2025 ఏప్రిల్ 12 ఫైనల్ ఇంకా పచ్చి గాయమే. కోల్‌కతా సాల్ట్ లేక్‌లో మోహన్ బగాన్ చేతిలో 2-1తో, అదీ ఎక్స్‌ట్రా టైమ్‌లో ఓడిపోయాం. ఆ కప్పు మనకు దక్కాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కేఆర్ పురంలో ఉండే మా అక్క కొడుకు, "మామా, ముందు మనకే కదా గోల్ వచ్చింది, మరి ఎట్లా ఓడిపోయాం?" అని అడిగాడు. పిల్లలు అలా అడిగితే "లక్ లేదురా" అని తేల్చేయకండి. 49వ నిమిషంలో వాళ్ళ డిఫెండర్ కాలికి తగిలి మనకు సెల్ఫ్ గోల్ వచ్చింది. 72వ నిమిషంలో వాళ్ళ కమింగ్స్ పెనాల్టీతో సమం చేశాడు. మధ్యలో ఉన్నవి 23 నిమిషాలు. వాటిని ఆపి ఆపి చూపించండి. బంతిని వదిలేసి మన డిఫెన్స్ లైన్ (డిఫెండర్ల వరుస) మీదే కళ్ళు పెట్టమనండి. ఆధిక్యంలో ఉన్న జట్టు కొద్దికొద్దిగా వెనక్కి జరిగితే, బాక్స్‌లోంచి తన్నిన ప్రతి బంతీ ఎదుటివాళ్ళ కాళ్ళ దగ్గరికే పోతుంది, మళ్ళీ మన మీదికే వస్తుంది. లైన్ జరిగిందా లేదా, జరిగితే ఏ నిమిషంలో, వాడినే చెప్పనివ్వండి.

మనవాడి చేతికి బంతి తగిలి (హ్యాండ్‌బాల్) ఇచ్చిన ఆ పెనాల్టీ దగ్గర ఇంకో జాగ్రత్త. స్లో మోషన్‌లో ప్రతి హ్యాండ్‌బాలూ కావాలని చేసినట్టే కనిపిస్తుంది. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి మామూలు వేగంతో చూడండి. ఆ సీజన్ ఐఎస్ఎల్‌లో వీఏఆర్ (వీడియో చూసి నిర్ణయం సరిచూసే పద్ధతి) లేదు కాబట్టి రిఫరీకి దొరికింది ఆ రెండో చూపే. కోపం పూర్తిగా పోదు కానీ, మాట అదుపులో ఉంటుంది.

96వ నిమిషంలో వాళ్ళని గెలిపించిన మెక్‌లారెన్ గోల్‌ని చివర్లో చూడండి, ఒక్కసారి చాలు. అప్పటికి రెండు జట్లూ అలసిపోయి ఉన్నాయి. అక్కడ మనవాళ్ళలో తప్పులు ఏరడం నాకు న్యాయంగా అనిపించదు.

నోట్‌బుక్‌లో రాసుకున్న వాటిలో ఒక్కటి ఎంచుకుని, కంఠీరవలో తర్వాతి మ్యాచ్‌కి వెళ్ళండి. మెట్రో పర్పుల్ లైన్‌లో కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు. వెస్ట్ బ్లాక్‌లో పాటలూ డ్రమ్ముల హోరు ఉంటుంది, గొంతు కలపాలంటే అక్కడికే వెళ్ళాలి. కానీ ఈ ఒక్క మ్యాచ్‌కి మాత్రం సైడ్ స్టాండ్‌లో వీలైనంత పై వరుసలో కూర్చోండి. గ్రౌండ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉండటం వల్ల కింది వరుసల నుంచి ఆటగాళ్ళ మధ్య దూరాలు అంచనాకు అందవు. పై నుంచైతే డిఫెన్స్ లైన్ ఎప్పుడు వెనక్కి జరిగిందో స్పష్టంగా తెలుస్తుంది.