నీట్‌లో ఓఎంఆర్ తప్పుల్లేకుండా ఎలా నింపాలి?

వైద్య కోర్సుల ప్రవేశ పరీక్ష నీట్ యూజీలో 2025 నుంచి 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు మైనస్ 1. జవాబు తెలిసి కూడా మార్కు పోగొట్టుకునే చోటు బబ్లింగ్, అంటే యంత్రం చదివే ఓఎంఆర్ జవాబు పత్రంలో గడులు నింపడం.

ముందు ప్రశ్నపత్రం కోడ్, ఓఎంఆర్ మీది కోడ్ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అప్పటికప్పుడే ఇన్విజిలేటర్‌కు చెప్పి రెండూ మార్పించుకోండి. మీ జవాబులను ఏ కీతో (సరైన జవాబుల జాబితాతో) సరిపోల్చి మార్కులు వేయాలో ఆ కోడే చెబుతుంది.

బబ్లింగ్ అంతా చివరికి ఉంచకండి. గడికి 5 సెకన్లు పట్టినా 180 గడులకు 15 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకూ ఒకసారి ఓఎంఆర్ వైపు తిరిగితే లెక్క మీద ధ్యాస చెదురుతుంది. పేజీ చొప్పున చేయడం మేలు: ప్రశ్నపత్రంలోనే జవాబు చుట్టూ సున్నా చుట్టండి, వదిలేసిన ప్రశ్న పక్కన ఇంటూ పెట్టండి, పేజీ అయ్యాక అన్నీ ఒకేసారి ఎక్కించండి. దిద్దే ముందు నంబరు మనసులో చదువుకోండి.

ఈ జాగ్రత్త ఎందుకంటే, 63 వదిలేసి 64 జవాబును 63 గడిలో దిద్దారనుకోండి. 90 దగ్గర చూసుకునేసరికి 27 జవాబులు ఒక్కో గడి పైకి జరిగి ఉంటాయి. అవన్నీ మీకు వచ్చినవే అయితే, కాకతాళీయంగా పావు వంతు కలిసినా, దాదాపు 100 మార్కులు గల్లంతు. బాల్ పెన్ను చెరగదు, వైట్‌నర్ వాడకూడదు. సరిచేద్దామని రెండో గడి నింపితే అదీ తప్పు కిందే లెక్క, మైనస్ 1. అందుకే పదేసి ప్రశ్నలకోసారి నంబర్లు సరిచూడండి.

తెలుగు మీడియం వాళ్ల ప్రశ్నపత్రంలో ఇంగ్లిష్ కూడా ఉంటుంది. పారిభాషిక పదం అర్థం కాకపోతే అటు చూడండి. తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది.

ఊహించి పెట్టాలా? రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే పెట్టండి, సగటున ప్రశ్నకు 1.5 మార్కులు మిగులుతాయి. ఏదీ కొట్టేయలేకపోతే ఆ సగటు 0.25 మాత్రమే, దానికోసం కుస్తీ పట్టొద్దు.

ఇంట్లో మాక్ టెస్టులకు ఓఎంఆర్ జిరాక్సులు తీసి బాల్ పెన్నుతోనే దిద్దండి. పెన్సిల్‌తో చేస్తే చెరిపే అలవాటు పోదు.

పరీక్ష తర్వాత దాన్ని నిర్వహించే సంస్థ ఎన్‌టీఏ ఓఎంఆర్ కాపీని ఆన్‌లైన్‌లో పెడుతుంది. యంత్రం చదివిన జవాబు మీద ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. అయితే మీరు 2 దిద్దితే యంత్రం 3 అని చదివినప్పుడే అది పనికొస్తుంది.