చుంచెలుకల లెక్క – 3వ పాఠం: పుర్రె నుంచి మ్యాపు దాకా

పోయిన పాఠంలో గుడ్లగూబ కక్కిన ఉండలను నానబెట్టి, వెంట్రుకల్లోంచి పుర్రెలు విడదీయడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ పుర్రె దేనిదో తేల్చాలి.

ముందు పళ్లు చూడండి. ఎలుకకు ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. చుంచుకు ఉండదు, వరసంతా నిండుగా ఉంటుంది. చెంప ఎముక వంపు కూడా ఉండదు. పేరులో ఎలుక ఉన్నా ఇది ఎలుకల జట్టుది కాదు, సోరిసిడే కుటుంబానిది.

ఇక భూతద్దం తీయండి. పై దవడలో కొక్కెంలా వంగిన పెద్ద పన్ను వెనక ఒంటిమొన చిన్న పళ్లుంటాయి. ఒక పక్క నాలుగుంటే సంకస్ ప్రజాతి (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు), మూడే ఉంటే క్రొసిడ్యూరా. తొందరపడొద్దు. నాలుగోది మరీ చిన్నది, వెనకున్న పెద్ద పన్ను చాటున నక్కి ఉంటుంది. తడి బ్రష్షుతో మట్టి తుడిచి, పుర్రెను వాల్చి పక్క నుంచోసారి, కింది నుంచోసారి చూడండి. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే.

సంకస్ అని తేలాక స్కేలు పెట్టండి. 3 సెంటీమీటర్ల దగ్గర ఉంటే మన వంటింట్లో గోడ వెంబడి పరిగెత్తే కంపు చుంచే, సంకస్ మురినస్. ఒకటిన్నర కూడా లేకపోతే సంకస్ ఎట్రస్కస్ కావచ్చు. బతికున్నప్పుడు అది 2 గ్రాములు కూడా తూగదు. బరువులో పాలిచ్చే జంతువులన్నిటికన్నా చిన్నది ఇదే.

దాని పూర్తి పేరు ఇలా రాస్తారు: సంకస్ ఎట్రస్కస్ (సావి, 1822). ఇటలీలోని పీసా దగ్గర దొరికినదాన్ని పావొలో సావి అనే జంతుశాస్త్రవేత్త వర్ణించి, సోరెక్స్ ప్రజాతిలో పెట్టాడు. ప్రజాతి తర్వాత మారింది కాబట్టే ఆయన పేరుకు బ్రాకెట్టు. 1842లో నీలగిరుల చుంచుకు డువెర్నాయ్ అనే ఇంకో శాస్త్రవేత్త వేరే పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు దాన్నీ ఎట్రస్కస్‌లోనే కలిపేశారు. అలా కలిపితేనే దీని మ్యాపు మధ్యధరా తీరం నుంచి మన దాకా వస్తుంది, విడదీస్తే తెగిపోతుంది. ఒకప్పుడు ఇందులోనే కలిపిన మలయా చుంచును ఇప్పుడు సంకస్ మలయానస్‌గా విడిగా చూస్తున్నారు. అందుకే నిండుగా రంగు పులిమిన మ్యాపుల మీద నాకు నమ్మకం తక్కువ. చుక్కల మ్యాపే నయం.

చుక్క పెట్టాలంటే చోటు కచ్చితంగా తెలియాలి. 1850లో వాటర్‌హౌస్ అనే శాస్త్రవేత్త వర్ణించిన అనథానా ఎలియటి అనే జంతువు సంగతే చూడండి. ఇంగ్లీషులో దాన్ని చెట్టు చుంచంటారు గానీ నిజానికి అది చుంచుల జట్టుదే కాదు. దాని మొదటి నమూనా దొరికిన చోటు 'కడపకూ నెల్లూరుకూ మధ్య కొండలు' అని ఉంది. అంటే వెలికొండలన్నమాట. అంత పొడుగు వరసలో ఏ గుట్టని వెతుకుతాం?

మీ చీటీ మీద ఊరు, మండలం, తేదీ, ఫోన్‌లో చూసిన అక్షాంశ రేఖాంశాలు రాయండి. 'గుడ్లగూబ ఉండలోది' అని కూడా చేర్చండి. అది తిన్న చోటు వేరు, కక్కిన చోటు వేరు కదా.

రెండు సైజులకూ మధ్యలో ఉండే పుర్రె దొరికితే మాత్రం పేరు రాయకుండా డబ్బీలో దాచండి. మెట్ట నేలల్లో తిరిగే సంకస్ స్టోలిజ్కానస్ అనే ఇంకోటుంది. వచ్చే పాఠం దాని గురించే.