ఊట నీళ్లు కనిపిస్తే తాగేముందు ఏం చూడాలి

కొండ కిందో సముద్రం ఒడ్డునో ఊట కనిపించగానే నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని దోసిలి పట్టేస్తారు చాలామంది, దయచేసి అలా చెయ్యొద్దు. తేటగా ఉన్నంత మాత్రాన మంచి నీళ్లని కాదు, అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు చూడాలి. ఊటకి పైవైపు ఇళ్లు, మరుగుదొడ్లు, పశువుల కొట్టాలు, పురుగుమందు కొట్టే పొలాలు ఉంటే వదిలేయండి.

నేను బాగా నమ్మే పరీక్ష వాన. పెద్ద వాన పడ్డాక వెళ్లి చూడండి, ఊట బురదగా మారిందంటే వాన నీళ్లు మట్టిలో మెల్లగా ఇంకి వడకట్టుకోకుండా రాతి పగుళ్లలోంచి నేరుగా దూసుకొచ్చేస్తున్నట్టు, పైనున్న చెత్తంతా వాటితోనే వస్తుంది. సున్నపురాయి కొండల్లో ఇది మరీ ఎక్కువ, అక్కడ ధార ఎంత పెద్దదైనా నమ్మలేం. ఏడాదంతా ఒకే చల్లదనం, ఒకే ధార ఉంటే లోతునుంచి వస్తున్న నీళ్లు కావచ్చు, కొంచెం నయం, అయినా కాచే తాగండి.

నలకలుంటే ముందు మందపాటి గుడ్డలో వడగట్టి, తర్వాత కాచి, కళపెళ మరగడం మొదలయ్యాక 1 నిమిషం ఉంచాలి, 2000 మీటర్ల ఎత్తు దాటితే 3 నిమిషాలు, ఎందుకంటే పైకెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. పొయ్యి లేకపోతే ఫిల్టర్, క్లోరిన్ బిళ్ల రెండూ వాడండి, మామూలు ఫిల్టర్లోంచి వైరస్‌లు జారిపోతాయి, క్లోరిన్‌కేమో క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి లొంగదు.

కాస్తే పోనివి కూడా ఉన్నాయి, ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు. కాచేకొద్దీ నీళ్లు ఆవిరై ఇవి ఇంకా చిక్కబడతాయి. అందుకే సముద్రం పక్క బావి నీళ్లు ఉప్పగా తగిలితే కాచి లాభం లేదు, వేరే నీళ్లు చూసుకోండి. రోజూ తాగాలనుకుంటే మాత్రం ల్యాబ్‌లో టెస్ట్ చేయించాల్సిందే, ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

వేడినీటి ఊటల్లో ఈ ఖనిజాలు ఎక్కువ కరుగుతాయి కాబట్టి తాగొచ్చని బోర్డు ఉన్నచోట తప్ప నోట్లో పోసుకోవద్దు. చెక్ దేశంలోని కార్లోవీ వారీలో కూడా ఊట నీళ్లని చిన్న కప్పులో పట్టుకుని గుక్క గుక్కగానే తాగుతారు, గటగటా తాగరు. వేడినీటి ఊటల్లో స్నానానికి దిగితే తల ముంచొద్దు, పిల్లల్ని అసలు దూకనివ్వొద్దు. ఇంగ్లండ్‌లోని బాత్ అనే ఊళ్లో 1978లో వేడి ఊట నీళ్ల కొలనులో ఈతకి దిగిన ఒక అమ్మాయి నెగ్లేరియా అనే అమీబా సోకి చనిపోయింది, అది వచ్చేది ముక్కులోకి నీళ్లు పోవడం వల్లే.