మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ (ఎంసీఐ) అని తేలినవాళ్లతో ఎలా మాట్లాడాలి: కొత్త కౌన్సెలర్లకు

మెమరీ క్లినిక్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు చెప్పేది కుర్చీల సంగతి. పెద్దాయన, ఆయన భార్య, కొడుకు లోపలికి వస్తారు. కొడుకు చొరవగా మన ఎదురు కుర్చీలో కూర్చుని ఫైలు విప్పుతాడు. పెద్దాయన గోడ పక్కన సర్దుకుంటారు. ఇక మాటలన్నీ కొడుకుతోనే నడుస్తాయి. అలా జరగనివ్వకండి. "మాస్టారూ, మీరిలా రండి" అని ఎదురు కుర్చీ ఆయనకివ్వండి. "మీకేమనిపిస్తోంది? ఎప్పట్నించి?" అని ఆయన్నే అడగండి. కొడుకు అందుకోబోతే "మీ మాటా వింటాను బాబూ, ముందు నాన్నగారిని చెప్పనివ్వండి" అంటే చాలు. ఎంసీఐలో జ్ఞాపకమో, మాట తట్టడమో వయసుకు మించి తగ్గుతుంది గానీ తన పనులు తాను చక్కబెట్టుకోగలుగుతారు. కాబట్టి నిర్ణయాలు ఇంకా ఆయనవే. మిగతా కౌన్సెలింగంతా ఆ మాట మీదే నిలబడుతుంది.

"ఇది అల్జీమర్సేనా?" అని తప్పకుండా అడుగుతారు. "అబ్బే, వయసు మతిమరుపే" అని కొట్టిపారెయ్యొద్దు. భయపెట్టనూ వద్దు. నేనైతే ఇలా చెబుతాను: "ఇది డిమెన్షియా, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేనంతగా మతి తగ్గిపోయే జబ్బు, కాదండీ. అటు వెళ్లే అవకాశం మామూలువాళ్లకన్నా ఎక్కువ. 65 దాటినవాళ్లలో ఎంసీఐ ఉన్న 100 మందిని తీసుకుంటే, రెండేళ్లలో సుమారు 15 మందికి డిమెన్షియా వస్తుంది. చాలామంది ఉన్నచోటే ఉంటారు. కొందరు మళ్లీ మామూలుగా అవుతారు. మీరు ఎటు వెళ్తారో ఇవాళే చెప్పలేం, అందుకే ఆర్నెల్లకోసారి చూస్తాం." ఈ లెక్క అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2018 మార్గదర్శకాల్లోది. చెప్పాక కాసేపు ఊరుకోండి. గబగబా ధైర్యం చెప్పేస్తే "మా అమ్మకీ ఇలాగే మొదలైందండీ" అన్న మాట ఆయన గొంతులోనే ఉండిపోతుంది.

పరీక్షలో వచ్చిన మార్కులు చూసి కుంగిపోయేవాళ్లు ఎక్కువ. జ్ఞాపకాన్నీ ఆలోచననూ చూసే మోకా పరీక్షలో 12 ఏళ్లకు మించి చదవనివాళ్లకు ఒక మార్కు కలుపుతారు. బడి గడపే తొక్కని ఆమెకు ఆ ఒక్క మార్కు ఏ మూలకు? ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారు చేయించిన టూల్‌బాక్స్, అంటే ఇలాంటి పరీక్షల సెట్టు, తెలుగులోనూ ఉంది, వీలైతే అది వాడండి. దాంతోపాటు పాలవాడి లెక్క ఎవరు చూస్తున్నారు, చీటీ డబ్బు ఎవరు కడుతున్నారు అని అడగండి. నిరుడు తనే చూసుకున్న లెక్క ఈ ఏడు కోడలికి అప్పజెప్పారంటే అది మీ నోట్స్‌లోకి ఎక్కాలి.

ఇక మందుల సంచీ. వాడే ప్రతి బిళ్లా, చీటీ లేకుండా మెడికల్ షాపులో కొన్నవాటితో సహా, తెమ్మని ముందే ఫోన్లో చెప్పండి. బల్ల మీద ఒంపి ఒక్కో స్ట్రిప్పూ చూడండి. నిద్రకని ఎప్పుడో మొదలెట్టి ఆపని ఆల్‌ప్రాజోలం ఉంటుంది. దురదకి వేసుకునే అవిల్ ఉంటుంది, నరాల నొప్పికిచ్చిన అమిట్రిప్టిలిన్ ఉంటుంది. ఈ మూడూ పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని మసకబార్చేవే. షుగరుకి ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గొచ్చు, శాకాహారులైతే మరీను. ఇవన్నీ రాసి డాక్టరుగారి ముందు పెట్టండి. ఆపమని మీరు చెప్పకండి: ఆల్‌ప్రాజోలం ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. థైరాయిడ్, బీ12 చేయించారో లేదో చూడండి. గురక, వినికిడి, దిగులు గురించి అడగండి. సరిగ్గా వినపడకపోతే మర్చిపోయినట్టే కనిపిస్తారు.

"జ్ఞాపకశక్తికి బిళ్లలేమైనా ఉన్నాయా?" అంటే నిజం చెప్పండి. ఎంసీఐ డిమెన్షియాగా మారకుండా, అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ అనే మందు ఆపుతుందన్న రుజువు లేదు. జింకో బిలోబా అనే చెట్టు ఆకుల సారాన్ని అమెరికాలో 3,000 మందికి పైగా పెద్దవాళ్లకిచ్చి చూశారు, డిమెన్షియాను ఆపలేదని 2008లో తేలింది. ఆ డబ్బుతో నడక బూట్లు కొనుక్కోమంటాను. వారానికి రెండు రోజులైనా ఒంటికి చెమట పట్టే వ్యాయామం, బీపీ, షుగరు అదుపు, అవసరమైతే వినికిడి మిషను. చెప్పుకోవడానికి చప్పగా ఉంటాయి గానీ ముందు చేయాల్సినవి ఇవే.

ఇంట్లో మార్పులు చిన్నవే చెప్పండి, అదీ ఆయన్నే ఎంచుకోమనండి. తాళాలకూ కళ్లజోడుకూ తలుపు పక్కన ఒకటే చోటు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తిథుల కిందే గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు రాసుకోవడం. వారాల పేర్లున్న మందుల డబ్బా. ఇంట్లోవాళ్లు "ఇందాకే చెప్పానుగా!" అనడం, "వీళ్లెవరో చెప్పు తాతయ్యా" అని చుట్టాల ముందు పరీక్ష పెట్టడం మానాలి. రైతుబజారుకు ఆయన్నే వెళ్లనివ్వాలి, చేతిలో చీటీ ఉంటే సరి. భార్యతో విడిగా ఐదు నిమిషాలు మాట్లాడండి, అయితే ఆయన్నడిగాకే. ఆవిడ నిద్ర సంగతి ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.

డబ్బు విషయం రెండోసారి వచ్చినప్పుడు ఎత్తండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున వ్యవహారాలు చూసే అధికారం) రాసిస్తే చాలనుకుంటారు, కానీ మన చట్టంలో రాసిచ్చినవారి మతిస్థిమితం పోతే సాధారణంగా ఆ అధికారమూ పోతుంది. వీలునామా రాయాలనుకుంటే ఇద్దరు సాక్షులతో ఇప్పుడే రాసుకోవడం మేలు. దానికి లాయరును కలవమనండి. బ్యాంకు నామినీలు చూసుకోవాలి, ఫోన్లో యూపీఐ పరిమితి తగ్గించుకోవాలి. కొడుకు తొందరపడి సంతకాల మాట ఎత్తితే, ఆయనకేం కావాలో ఆయన్నే అడగండి. ఆ ఇంట్లో ఎవరూ అండగా లేరనిపిస్తే పెద్దవాళ్ల సహాయ ఫోన్ ఎల్డర్‌లైన్ 14567 రాసివ్వండి.

పంపేముందు ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసివ్వండి: తెలిసిన వీధిలోనే దారి తప్పినా, ఇన్సులిన్ రెండుసార్లు వేసుకున్నా, స్టవ్ మీద గిన్నెలు మాడుతున్నా, ఆర్నెల్లు ఆగకుండా ఫోన్ చేయాలి. ఒకటి రెండు రోజుల్లోనే అయోమయం ముంచుకొస్తే అది ఎంసీఐ ముదరడం అనుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, పక్షవాతం, ఏదైనా కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, మందుల సంచీతో సహా.