గేమ్ ఆగి ఆగి నడుస్తోందా? విండోస్ మళ్లీ ఎక్కించే ముందు చేయాల్సిన పనులు

గేమ్ సరిగా నడవడం లేదని ఎవరైనా అనగానే చుట్టూ ఉన్నవాళ్లు రెండే సలహాలు ఇస్తారు: విండోస్ మళ్లీ ఎక్కించు, లేదా కొత్త గ్రాఫిక్స్ కార్డు కొను. మొదటిది ఒక రోజును మింగేస్తుంది, రెండోది జేబు ఖాళీ చేస్తుంది. ఇవన్నీ చేశాక కూడా అదే గేమ్ అదే చోట తడబడుతుంటే ఇక తోచేదేమీ ఉండదు. లోపం ఎక్కడుందో చూడకుండా చేయి పెడితే జరిగేది ఇదే.

కావలసినవి కొన్నే. స్టార్ స్క్రూడ్రైవర్, మెత్తని బ్రష్, 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డ, చిన్న ట్యూబు థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ నుంచి దాన్ని చల్లబరిచే కూలర్‌కు వేడిని దాటించే ముద్ద). ప్రోగ్రాముల్లో, ఆడుతుండగా అంకెలు చూపే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, కంప్యూటర్ లోపలి ఉష్ణోగ్రతలు, వేగాలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సరిపోతాయి. రెండూ ఉచితమే. గేమ్ బూస్టర్, రిజిస్ట్రీ క్లీనర్ పేర్లతో ఏవైనా పెట్టుకుని ఉంటే ముందు వాటిని తీసేయండి. అవి వేగం పెంచగా నేనెన్నడూ చూడలేదు.

ముందు చూడండి, తర్వాతే ముట్టుకోండి

ఆఫ్టర్‌బర్నర్‌తో తెర మూలన అంకెలు కనిపించేలా పెట్టుకుని, గేమ్‌లో ఎప్పుడూ ఒకే చోట ఆడి చూడండి. కావలసిన అంకెలు: గ్రాఫిక్స్ కార్డు వాడకం, దాని మెమరీ, ప్రాసెసర్‌లోని ఒక్కొక్క కోర్ వాడకం, వాటి వేగం, ఉష్ణోగ్రతలు, ఒక్కో ఫ్రేమ్‌కు, అంటే తెర మీద వచ్చే ఒక్కో బొమ్మకు, పట్టే సమయం. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. సగటు 60 చూపిస్తున్నా, మధ్యలో ఒక ఫ్రేమ్ 50 మిల్లీసెకన్లు తీసుకుంటే కన్ను పట్టేస్తుంది. కాబట్టి సగటును నమ్ముకోకండి.

కార్డు వాడకం 95 శాతం దాటి ఉండి ఫ్రేములు తక్కువగా వస్తుంటే అది లోపం కాదు. కార్డు తన శక్తికొద్దీ పనిచేస్తోంది. నీడల నాణ్యత, రిజల్యూషన్ తగ్గించండి, లేదా గేమ్‌లో ఉంటే, బొమ్మను తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వాడండి. కార్డు మెమరీ పూర్తిగా నిండి కుదుపులు వస్తుంటే టెక్స్‌చర్ల (వస్తువుల ఉపరితలం మీది బొమ్మల) నాణ్యతను ఒక మెట్టు దించండి. కార్డు వాడకం 60 శాతం దగ్గరే ఉండి ఫ్రేములు రాకపోతే, వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) గానీ ఫ్రేముల పరిమితి గానీ పెట్టి ఉందేమో చూడండి. లేకపోతే అడ్డు చాలావరకు ప్రాసెసర్ వైపు ఉన్నట్టే.

ఇక్కడే చాలామంది టాస్క్ మేనేజర్ చూసి మోసపోతారు. ప్రాసెసర్ వాడకం 30 శాతమే కదా, అది ఖాళీగానే ఉందనుకుంటారు. పదహారు థ్రెడ్ల (ఒకేసారి పదహారు పనుల వరుసలు నడిపే) ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తంలో అది ఆరు శాతం చిల్లరే. చాలా గేముల్లో ముఖ్యమైన పని ఒక థ్రెడ్ మీదే పడుతుంది. మొత్తం అంకెను వదిలేసి విడివిడి కోర్లను చూడమని అడిగేది అందుకే.

ఐదు నిమిషాల పనులు

మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే ఉందా? నవ్వకండి, వెనక్కి తిరిగి చూడండి. డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ 60 దగ్గరే ఆగిపోయి ఉందా? ర్యామ్ రెండు ముక్కలైతే, నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ కూడా 2133 లేదా 2400 దగ్గరే కాలక్షేపం చేస్తుంది. పవర్ ప్లాన్ పొదుపు మీద ఉంటే మార్చండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తయారీ సంస్థ సైటు నుంచే దించుకోండి.

వేడి

మొదటి పదిహేను నిమిషాలు చక్కగా నడిచి, తర్వాత ఫ్రేములు జారిపోతుంటే అనుమానం నేరుగా వేడి మీదికే వెళ్లాలి. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో థర్మల్ థ్రాట్లింగ్ (వేడి వల్ల వేగం తగ్గించుకోవడం) అన్న వరుస ఎదురుగా అవును అని కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

ముందు దుమ్ము. కంప్యూటర్ ఆపి, కరెంటు తీగ పీకేసి, బ్రష్‌తో గానీ గాలితో గానీ శుభ్రం చేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. ఇంట్లో నేల ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ వద్దు, దాని గొట్టం దగ్గర స్థిర విద్యుత్తు పుడుతుంది. దీంతో వేడి తగ్గితే పని అయిపోయినట్టే, కూలర్‌ను ముట్టుకోకండి.

కూలర్ తీసి పేస్ట్ మార్చడం: ఇక్కడ నిదానం

దుమ్ము తీసినా తగ్గకపోతేనే ఈ పని. జనం కంప్యూటర్లు పాడుచేసుకునేది సరిగ్గా ఇక్కడే. స్క్రూలు విప్పగానే కూలర్‌ను పట్టుకుని పైకి లాగేస్తారు. ఏళ్ల తరబడి ఎండిన పేస్ట్ బంకలా పట్టుకుని ఉంటుంది. ఏఎండీ సంస్థ ఏఎం4 రకం సాకెట్ ప్రాసెసర్లలో పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, 1331 పిన్నులు. సాకెట్‌లో దాన్ని పైనుంచి నొక్కి పట్టే లోహపు చట్రం ఉండదు. అందుకే లాగితే, లీవర్ మూసి ఉన్నా సరే, కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. పిన్నులు వంగితే ఆ తర్వాతి సాయంత్రమంతా భూతద్దంతో గడపాలి.

కాబట్టి ముందు పది పదిహేను నిమిషాలు గేమ్ ఆడండి. పేస్ట్ వేడెక్కి మెత్తబడుతుంది. వెంటనే కంప్యూటర్ ఆపి, తీగ పీకి, కూలర్ ఫ్యాన్ కనెక్టర్ తీయండి. స్క్రూలను ఒకేసారి పూర్తిగా విప్పకుండా ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా వదులు చేయండి. తర్వాత కూలర్‌ను పైకి ఎత్తకుండా, ఉన్నచోటే కుడికీ ఎడమకూ కొద్దికొద్దిగా తిప్పండి. పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు నిటారుగా ఎత్తండి. తిరగకపోతే బలం వాడకండి, మళ్లీ బిగించి ఇంకాసేపు వేడెక్కించండి.

ఇంత జాగ్రత్త పడినా ప్రాసెసర్ ఊడి వస్తే స్క్రూడ్రైవర్ మొనతో పెకలించకండి. హెయిర్ డ్రయ్యర్‌తో కూలర్ వైపు కాస్త వేడి తగిలించి, ప్రాసెసర్ అంచులు పట్టుకుని మెల్లగా తిప్పితే విడిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు లీవర్ ఎత్తి, మూలనున్న త్రికోణం గుర్తును సాకెట్ మీది గుర్తుతో కలపండి. తనంత తాను దిగాలి, నొక్కకూడదు. ఇటీవలి ఇంటెల్ ప్రాసెసర్లు, ఏఎం5 రకాలు లోహపు చట్రం కింద ఉంటాయి కనుక ఊడి రావు. వాటి పిన్నులు సాకెట్‌లో ఉంటాయి. శుభ్రం చేయడానికి ఆ చట్రం తెరవాల్సిన అవసరమే లేదు.

పాత పేస్ట్‌ను రెండు వైపులా ఆల్కహాల్‌తో మెరిసేదాకా తుడవండి. కొత్తది మధ్యలో శనగగింజంత ఒక్క చుక్క. ప్లాస్టిక్ కార్డు ముక్కతో పులిమేవాళ్లున్నారు, గీతలు గీసేవాళ్లున్నారు. నా బల్ల మీద అవేవీ సాగవు. బిగించినప్పుడు కూలర్ ఒత్తిడే పేస్ట్‌ను పరుస్తుంది. పులిమితే మధ్యలో గాలి బుడగలు చిక్కుకోవచ్చు.

కొత్త కూలరైతే అడుగున ఉన్న పారదర్శక పొర తీశారో లేదో రెండుసార్లు చూసుకోండి. స్క్రూలను మళ్లీ ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించండి. ఇంటెల్ పెట్టెలో వచ్చే నాలుగు ప్లాస్టిక్ కాళ్ల కూలరైతే ఎదురెదురు కాళ్లను జతగా నొక్కండి. టిక్ అన్న శబ్దాన్ని నమ్మకండి. బోర్డు వెనక నాలుగు మొనలూ బయటికి వచ్చాయో లేదో కళ్లతో చూడండి. ఫ్యాన్ తీగను సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు క్యాబినెట్ పక్క పలక మూయకండి. ఫ్యాన్ తిరుగుతోందని చూసి నేరుగా బయాస్‌లోకి వెళ్లి ఉష్ణోగ్రత గమనించండి. నిమిషంలోపే 80 దాటి పరుగెత్తుతుంటే కూలర్ సరిగా కూర్చోలేదని అర్థం. వెంటనే ఆపి, మళ్లీ విప్పి, ఉన్న పేస్ట్ తుడిచేసి కొత్త చుక్క వేయండి. ఒకసారి అణిగి విడిపోయిన పేస్ట్ మీద కూలర్‌ను తిరిగి పెట్టకూడదు.